ఒక్క రాత్రి మేలుకుంటే చాలు

ఎండలు ముదిరాయి. పరీక్షలైపోయి పిల్లలు ఇంటిపట్టునే ఉన్నారు. 'ఎక్కడికైనా తీసుకెళ్ళండి' అన్న పోరు ఈపాటికి మీ ఇంట్లోనూ మొదలయ్యే ఉంటుంది. ఊటీ, కొడైకెనాల్ అంటే జేబు తడుముకోవాలి. తిరుపతి, చిత్తూరు వైపు ఉన్నవాళ్ళకీ, అటు చుట్టాలున్నవాళ్ళకీ ఆ బాధ లేదు. వేసవి వచ్చిందంటే అక్కడ ఊరూరా పలక మోగుతుంది. ఒకచోట జాతర, ఇంకోచోట భారతం, మరోచోట బ్రహ్మోత్సవం... పైసా టికెట్టు లేదు. కుర్చీలు వేస్తారన్న నమ్మకమూ లేదు. ఒక చాప, నీళ్ళ సీసా, కాస్త ఓపిక ఉంటే చాలు.

అమెరికాలో న్యూపోర్ట్ అనే ఊళ్ళో వేసవికాలం జానపద సంగీతోత్సవం జరుగుతుంది. 1959లో మొదలైన ఆ పండుగకు జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఏ వేదిక మీద ఎవరు ఎప్పుడు పాడతారో ముందే అచ్చేసి చేతికిస్తారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. జాతరకి వెళ్తాం, దండం పెట్టుకుంటాం, పిల్లలకి బొమ్మ కొనిపెట్టి తొమ్మిదింటికల్లా ఇల్లు చేరతాం. అసలు ఆట అప్పటికింకా మొదలే కాదు!

ఆ లోటు తీర్చడానికే ఈవారం మన శీర్షికలో ఒక చిన్న పట్టిక. పాత చిత్తూరు జిల్లాలో, అంటే 2022లో రెవెన్యూ హద్దులు మారకముందున్న జిల్లాలో, ఈ ఎండాకాలం తప్పక చూడాల్సినవి ఇవి. ఎప్పుడు వెళ్ళాలో, ఏది వదులుకోకూడదో కూడా చెప్పుకుందాం.

వారమంతా వేషాలే

మొదటి ఓటు తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకే. మే నెలలో ఒక మంగళవారం అవిలాల నుంచి అమ్మవారికి పుట్టింటి సారె వస్తుంది. ఆ రాత్రి ఊరి పొలిమేరల్లో చాటింపు వేస్తారు. అక్కణ్ణుంచి వారం రోజులు తిరుపతి తిరుపతిలా ఉండదు.

కథ మీకు తెలిసిందే. కొత్త పెళ్ళికూతుళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి శిక్షించడానికి అవతరించిన తల్లి గంగమ్మ. ఆమె విశ్వరూపం చూసి వాడు పారిపోయి దాక్కుంటాడు. వాణ్ణి వెతుక్కుంటూ అమ్మ రోజుకో వేషం కట్టింది. జనం కూడా అదే వరసలో కడతారు. బుధవారం బైరాగి, గురువారం బండ, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపు కుండలు. మంగళవారం అసలు జాతర. బైరాగికి ఒళ్ళంతా తెల్లసుద్ద, బండకు ఎర్రని కుంకుమ, తోటికి బొగ్గుపొడి. రంగును బట్టే ఆరోజు ఏ వారమో చెప్పేయొచ్చు.

'పుష్ప 2' సినిమా 2024 డిసెంబరులో వచ్చాక ఈ వేషాల గురించి తెలియనివాళ్ళు లేరు. కానీ తెరమీద మీరు చూసింది ఒక్క హీరోని. ఇక్కడ ఊరు ఊరే వేషం కడుతుంది. చంకలో పసివాడు, వేలు పట్టుకున్న పదేళ్ళవాడు, మీసాలు తీసి చీర కట్టి కొప్పులో పూలు తురుముకున్న మగవాడు... అంతా మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళే. ఎవరూ నవ్వరు. నవ్వితే అమ్మవారికి కోపమొస్తుందన్న భయం ఒకటి, రేపు మన ఇంట్లోవాళ్ళూ కట్టేవాళ్ళే కదా అన్న చనువు ఒకటి.

ఒక్కరోజే కుదురుతుందంటారా? అయితే శనివారం వెళ్ళండి. దొర వచ్చాడనుకుని పాలెగాడు దాక్కున్నచోటు నుంచి బయటికొస్తాడు. ఆ దొర గంగమ్మేనని తెలిసేసరికి తల తెగిపోతుంది. ఆదివారం మాతంగి వేషం అందుకు పూర్తిగా వేరు. చంపిన చేతులతోనే వెళ్ళి వాడి భార్యను ఓదార్చడం ఆ వేషంలోని కథ. శత్రువును చంపడం చాలా కథల్లో ఉంటుంది. చంపాక వాడి ఇంటికెళ్ళి ఆడమనిషి కన్నీళ్ళు తుడిచే కథ ఎన్నింటిలో ఉంది చెప్పండి? ఈ తేడా పిల్లలకు అక్కడే, వేషం ముందు నిలబెట్టి చెబితే బాగా ఎక్కుతుంది.

వేషాలను చూస్తూ పలకలను మరిచిపోకండి. మిగతాచోట్ల డప్పు అనేదాన్ని ఇక్కడివాళ్ళు పలక అంటారు. వాయించే ముందు గడ్డిమంట వేసి చర్మాన్ని కాస్తారు. బిగువెక్కిందో లేదో వేలితో తట్టి చూసుకుంటారు. కుడిచేతిలో మందపాటి పుల్ల, ఎడమచేతిలో సన్నని పుల్ల. ఆ రెండింటి మధ్య జరిగే సంభాషణే పలకదెబ్బ. పది నిమిషాలు ఒక్క పలకనే విని చూడండి. తరువాత గుంపు మోతలో కూడా ఆ రెండు పుల్లలూ మీకు విడివిడిగా వినిపిస్తాయి.

జాగ్రత్తలు రెండు. బండ, తోటి వేషాలవాళ్ళు ఆచారంగా బూతులు తిడతారు. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆ రెండు రోజులూ వద్దనుకుంటే మంచిది. ఇక మంగళవారం రాత్రి తెల్లవారితే బుధవారం అనగా గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. వేకువన చెంప నరికాక ఆ మట్టికోసం జనం ఒక్కసారిగా ఎగబడతారు. చూడాల్సిన ఘట్టమే, కానీ దూరం నుంచి.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ ఈ గంగమ్మ మీద పరిశోధన చేసి 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు. ఏడు సముద్రాల అవతలి నుంచి ఆవిడ రాగా లేనిది, పక్కవీధి నుంచి మనం వెళ్ళలేమా!

జంట వాద్యం పంబ

తిరుపతి రద్దీ పడనివాళ్ళకి కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర, చిత్తూరులో నడివీధి గంగమ్మ జాతర ఉన్నాయి. ఇవీ మే నెలలోనే. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర ఇంకాస్త ముందుగా వస్తుంది. అంబలి పోసేచోటా, పొంగళ్ళు పెట్టేచోటా చెవి ఒగ్గి వినండి. పలక కాని మరో మోత వినిపిస్తే అది పంబ అయ్యుండొచ్చు.

పంబ అంటే జంట వాద్యం. రెండు పొడుగాటి డోళ్ళను ఒకదానితో ఒకటి కట్టి నడుముకు వేలాడదీసుకుంటారు. ఒకటి కొయ్యది, ఇంకొకటి లోహంది. అందుకే ఒకే మనిషి వాయిస్తున్నా ఇద్దరు వాయిస్తున్నట్టుంటుంది. అమ్మవార్ల కథలు చెప్పడం పంబలవాళ్ళ వృత్తి. మోతకు జనం దడుచుకునేలా వాయించినవాడే, కథ మొదలుపెట్టేసరికి గొంతు తగ్గించేస్తాడు. మనల్ని దగ్గరికి లాక్కోవడానికే అది. మొహమాటపడకుండా ముందుకెళ్ళి కూర్చోండి.

కుప్పం వెళ్ళినవాళ్ళకు ఇంకో లాభం. తమిళనాడు, కర్ణాటక రెండూ అక్కడికి కూతవేటు దూరం. మూడు భాషలూ కలగలిసిన సీమ అది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడం వెనుక కారణం కూడా ఆ కలగలుపే. జాతరలో ఒక మేళం తెలుగులో పాడుతుంటే పక్క మేళం తమిళంలో అందుకోవడం అక్కడివాళ్ళకు వింత కాదు.

పద్దెనిమిది రోజుల భారతం

చూసిరమ్మని ఒక్కటంటే ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, చిత్తూరు చుట్టుపక్కల ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళు చాలా ఉన్నాయి. ఎండాకాలం మొదలుకొని ఆడి నెల దాకా ఏదో ఒక ఊళ్ళో 'భారతం' పెడుతూనే ఉంటారు. పేరున్నచోట పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి నాటకం. పగలు విన్న కథే రాత్రి వేషం కట్టుకుని మన ముందుకొస్తుంది.

గోడమీద అంటించిన కాగితాన్ని ముందు శ్రద్ధగా చదవండి. ఏ రోజు ఏ ఘట్టమో, ఆరోజు ఉభయదారులెవరో, ఏ ఊరి సమాజం ఆడుతుందో అన్నీ అందులో ఉంటాయి. ఈ నాలుగింటిలో ఏది కనిపించినా తారీఖు రాసుకోండి.

మొదటిది బకాసుర వధ. పిల్లలున్న ఇళ్ళకు ఇదే మంచిది. భీముడు బండెక్కి ఊరేగుతాడు. ఇళ్ళవాళ్ళు అన్నం, పిండివంటలు తెచ్చి బండిలో పెడతారు. భీముడు తింటూ, కళ్ళెర్రజేస్తూ, పిల్లల్ని అదిలిస్తూ వీధులన్నీ తిరుగుతాడు. పిల్లలు కేకలేస్తూ బండి వెంట పరుగులు తీస్తారు. వాళ్ళకి మహాభారతం మీద ఇష్టం పుట్టించడానికి ఇంతకంటే ఏం కావాలి?

రెండోది అర్జున తపస్సు. మైదానంలో నిలువెత్తు మాను నాటతారు. అర్జున వేషధారి పాడుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. కింద సంతానం కోరుకునే ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే విభూతి, నిమ్మకాయలు, మారేడు దళాలు ఒళ్ళో పడితే చాలనుకుంటారు. మీకు నమ్మకం ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ అంత ఎత్తున నిలబడి పాడుతున్నవాడికి కింద ఎంతమంది ఆశ తనమీద ఉందో తెలుసు. ఆ బరువు అతని గొంతులో వినిపిస్తుంది. ఏ ఆడిటోరియంలోనూ ఆ గొంతు పలకదు.

మూడోది కర్ణుడి చావు. ఇది తెల్లవార్లూ నడిచే రాత్రి. కర్ణుడు రాగానే ముందుకు రాడు. ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర వెనక నుంచే పాట మొదలవుతుంది. కిరీటం అంచు, భుజకీర్తులు, గజ్జెకాలు కొంచెం కొంచెంగా చూపించి ఊరిస్తాడు. హార్మోనియం, మద్దెల, తాళాలు అతన్ని పిలుస్తున్నట్టే ఉంటాయి. ఇంత సేపా అని విసుక్కోకండి. ఆ విసుగు దాటాకే ఆట పట్టుకుంటుంది. నడుమ హాస్యగాడు వచ్చి ఊళ్ళో కరెంటు కోత మీదో, పక్కింటి పెళ్ళి మీదో జోకులేసి నిద్రమత్తు వదిలిస్తాడు. వేకువజాము మూడున్నర, నాలుగు గంటలకి, ఒళ్ళు బడలి మనసు మెత్తబడ్డ వేళకి కర్ణుడు పడిపోతాడు. రాత్రి తొమ్మిదింటికి ఇదే పాట విని ఎవరూ ఏడవరు. వేకువన మాత్రం ముసలివాళ్ళు కొంగుతో, తువ్వాలుతో కళ్ళొత్తుకోవడం కనిపిస్తుంది.

నాలుగోది చివరిరోజు దుర్యోధన వధ. ఇది పగటిపూటే. మైదానంలో పదుల అడుగుల పొడవున మట్టితో దుర్యోధనుడి బొమ్మ పడుకోబెడతారు. భీముడు, దుర్యోధనుడు గదలు పట్టుకుని దాని చుట్టూ, దానిమీదా తరుముకుంటారు. తొడమీద దెబ్బ పడ్డాక విరబోసుకున్న జుట్టుతో ద్రౌపది వస్తుంది. శపథం తీరి జుట్టు ముడుస్తుంది. ఆ సాయంత్రమే అగ్నిగుండం తొక్కుతారు. పద్దెనిమిది రోజుల కథ అక్కడితో ఊరి మొక్కుగా ముగుస్తుంది. ఇదొక్కటే చూసి వచ్చేస్తే బొమ్మ బాగుందనుకుంటాం. అంతకుముందు రెండు మూడు రాత్రులు చూసినవాళ్ళకు మాత్రం ఆ జుట్టు ముడి విలువ తెలుస్తుంది.

హరికథను తక్కువ అంచనా వేయకండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరొస్తారనుకుంటాం. పందిరి కింద అవ్వలు బారులు తీరి ఉంటారు. కథ తెలిసినవాళ్ళే. ఐనా చిడతల చప్పుడు ఆగినచోట వాళ్ళ ఊపిరీ ఆగుతుంది. మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే రాత్రి నాటకానికి కాకపోయినా, ఈ కథకైనా తీసుకెళ్ళండి.

చెక్కలు, కోలలు

రాత్రంతా మేలుకోలేమంటారా? మీకోసం పొద్దుగూకేలోగా చూసే ఆటలూ ఉన్నాయి.

చెక్కభజన రాయలసీమ సొత్తు. చేతిలో ఇమిడే రెండు చెక్కలు, వాటి మధ్య గలగలలాడే బిళ్ళలు, కాళ్ళకు గజ్జెలు. నడుమ గురువు పాట అందుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు అడుగు మారుస్తారు. పగలంతా మడిలో పనిచేసినవాళ్ళు రాత్రిపూట రామమందిరం ముందు నెలల తరబడి సాధన చేస్తే తప్ప ఆ అడుగులు కలవవు. మొదట నెమ్మదిగా ఉండి, ఉన్నట్టుండి వేగం పెరుగుతుంది. అప్పుడు కాళ్ళను చూడండి, చేతుల్ని కాదు. ఒక్కరి అడుగు తప్పినా వలయం చెదరాలి. చెదరదు!

తిరుపతిలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు వైశాఖంలో వస్తాయి. వాహనసేవల ముందు చెక్కభజన, కోలాటం బృందాలు నడుస్తాయి. వాహనం పక్కన నిలబడాలని అందరూ తోసుకుంటారు. మీరు వీధి మలుపులో నిలబడండి. బృందాలు మలుపు దగ్గర కాసేపు ఆగి ఆడతాయి. అక్కడ చూసినంత ఇంకెక్కడా చూడలేం.

కోలాటంలో జడకోపు ఆడే బృందం కనిపిస్తే కదలకండి. పైనుంచి వేలాడే రంగుతాళ్ళు తలా ఒకటి పట్టుకుని, ఒకరి కిందుగా ఒకరు తిరుగుతూ ఆడుతుంటే పైన జడ అల్లుకుంటుంది. అది సగం ఆటే. అల్లిన జడను వెనక్కి తిరిగి ఒక్క చిక్కు పడకుండా విప్పడమే అసలు పరీక్ష. చాలామంది అల్లాక చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. మీరు విప్పేదాకా ఉండండి.

పావుగంట కళ కాదు

ఇదంతా సాంస్కృతిక కార్యక్రమాల్లో చూశాంగా అంటారేమో. చూసే ఉంటారు. సన్మానాలకీ, ఉపన్యాసాలకీ మధ్య పావుగంట చెక్కభజన, పది నిమిషాల వీధినాటకం. కళాకారులకు శాలువా కప్పి పంపేస్తారు. వాళ్ళను పిలవడం మంచిదే, కాదనం. కానీ పావుగంటలో ఏం పోతుందో గమనించారా? తెర వెనక ఊరించడం పోతుంది. జడ విప్పడం పోతుంది. వేకువన కర్ణుడు పడిపోవడం పోతుంది. ఏది ఆ ఆటకు ప్రాణమో సరిగ్గా అదే పోతుంది. ఎగరడం, గజ్జెల మోత మిగులుతాయి.

ఇందులో ఇంకో చిక్కుంది. రాత్రంతా ఆడగలిగినవాడు పావుగంట ఆడగలడు. పావుగంటే ఆడుతూ పెరిగినవాడు రాత్రంతా ఆడలేడు. భారతంలోని పద్యాలు, పాటలు, అడుగులు పెద్దవాళ్ళ నోట ఉన్నాయి. పక్కన నిలబడి రాత్రుళ్ళు వింటూ నేర్చుకున్నవే అవన్నీ. వినేందుకు రాత్రి లేకపోతే నేర్చుకునేందుకు బడి లేనట్టే.

2020, 2021 వేసవుల్లో కరోనా వల్ల జాతరలూ భారతాలూ బహిరంగంగా జరగలేదు. ఏడాదికి సరిపడా తిండిగింజలు సంపాదించుకునే కాలమే ఖాళీగా పోయింది. తాంబూలం ఇచ్చి పిలిచే ఊరు లేదు. మళ్ళీ పందిళ్ళు లేచాయి కానీ, చాలాచోట్ల ఊరేగింపు ముందు డీజే పెట్టెలు చేరాయి. గుండెలదిరే ఆ మోతలో పలక ఎవరికి వినిపిస్తుంది? యువకులను తిట్టి లాభం లేదు. వాళ్ళకు మంచి పలక వినిపించిన పెద్దవాళ్ళెవరు?

అందుకే ఈ వేసవికి మీనుంచి కోరేది పెద్దదేం కాదు. ఒక్క రాత్రి. మధ్యాహ్నం పిల్లల్ని కాసేపు పడుకోబెట్టండి. ముందు హరికథలోనో, మీ అమ్మమ్మ నోటనో కథ విననివ్వండి. రాత్రి చాప వేసుకుని కూర్చోండి. నిద్రొస్తే అక్కడే పడుకోనివ్వండి, మంచి ఘట్టం రాగానే లేపండి. సెల్‌ఫోన్ దీపం వేషం కళ్ళల్లో కొట్టకండి. నచ్చితే యాభయ్యో వందో చదివింపులు ఇవ్వండి. మీ పేరు, మీ ఊరి పేరు మైకులో పాడి మరీ చదువుతారు. నాన్న పేరు అలా మోగగానే పిల్లలు ఎంత మురిసిపోతారో చూడండి!

ఇక మీ ఊరి ఉత్సవ కమిటీలో మీకు మాట చెల్లుతుందనుకుంటే ఇంకొక్కటి. ఈసారి ఆర్కెస్ట్రాకు పెట్టే డబ్బులో కొంత నాటకానికి పెట్టమనండి. పిలిచిన సమాజానికి పావుగంట కాదు, తెల్లవార్లూ సమయమివ్వమనండి.

పాలెగాడు దాక్కున్న చోటు నుంచి బయటికి రావడానికి గంగమ్మకే అన్ని వేషాలు పట్టాయి. మనం ఇంట్లోంచి బయటికి రావడానికి ఒక్క పలకదెబ్బ చాలదూ!